గుణదల మాత కొండ: ఈస్టర్ అయిపోయాక పాపసంకీర్తనానికి వెళ్ళేవాళ్ళ కోసం

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఈస్టర్ ఆదివారం దాటిపోయింది, ఇక వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుని ఆగిపోయినవాళ్ళు ఉంటే ఆగకండి. పాస్కా కాలం, అంటే ఈస్టర్ కాలం, 50 రోజులు, పెంతెకోస్తు పండుగ దాకా ఉంటుంది. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలి, కనీసం పాస్కా కాలంలోనైనా దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకోవాలి అన్న తిరుసభ, అంటే కతోలిక సభ, కట్టడలు చిన్నప్పుడు సత్యోపదేశంలో మనమంతా అప్పజెప్పినవే. అప్పుడు బెదిరింపులా వినిపించేది. ఇప్పుడు అదే కట్టడ నాకు గడువు పొడిగించినట్టు వినిపించింది. విజయవాడ గుణదల మాత గుడికి నా వరకు ఐదుకి ఐదు, ఎందుకో చెబుతాను, కొంచెం పొడుగు అవుతుంది.

మేము ఆర్సీఎం (రోమన్ కతోలిక) వాళ్ళం, తాతల నాటినుంచీ. అమ్మ పోయినప్పుడు అప్పటి మా విచారణ, అంటే మా గుడి పరిధి, ఆఫీసులో (ఏ ఊరో, ఎవరో రాయను) చందా పుస్తకం తీసి మూడేళ్ళ బాకీ ఉంది, అది కట్టాకే సమాధుల తోటలో చోటు మాట అన్నారు. అమ్మని ఇంట్లో పడుకోబెట్టి అన్నయ్య బండి వేసుకుని డబ్బు కోసం తిరిగాడు. కట్టాం, సమాధి చేశాం, ఆ రోజు నుంచి పదకొండేళ్ళు నేను గుడి గడప తొక్కలేదు. దేవుడి మీద కోపమా అంటే కాదు, ఆ రసీదు కాగితం మీద కోపం, కానీ ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకాలేదు.

ఈ తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు ఉపవాస రోజులు) ఇల్లు మారుతుంటే పాత మందుల డబ్బాలో అమ్మ జపమాల దొరికింది. నల్ల చెక్కపూసలు, సిలువ అంచులు అరిగిపోయి ఉన్నాయి, మూడో వరుసలో ఒక పూస లేదు. అది బ్యాగులో వేసుకుని మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) మర్నాడు సాయంత్రం పని నుంచి నేరుగా ఏలూరు రోడ్డు మీద ఆటో ఎక్కి గుణదలలో దిగాను. పవిత్ర వారం కదా, పాపసంకీర్తనానికి వరుస బాగా పొడుగ్గా ఉంది. అరగంట నిలబడి వెనక్కి వచ్చేశాను. బుధవారం మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చేశాను. జనం వంక చెప్పుకున్నాను గానీ నిజానికి మొహం చెల్లలేదు.

తెలియనివాళ్ళకు ఒక మాట. ఇక్కడ మరియమాత స్వరూపాన్ని 1924లో అర్లాటి ఫాదర్ గారు నిలబెట్టారు, అప్పట్లో ఆయన ఇక్కడి అనాథ పిల్లల ఆశ్రమం చూసుకునేవారు. ఫ్రాన్సులోని లూర్దులో లాగే కొండ గుహలో మాత, పైన సిలువ. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్ళలో అయితే కాలు పెట్టడానికి సందు ఉండదు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, అందులో క్రైస్తవులు కానివాళ్ళూ చాలామంది. నాలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు ఆ మూడు రోజులూ వదిలేసి మామూలు రోజుల్లో వెళ్ళడం మంచిది.

శనివారం రాత్రి పాస్కా జాగరణకి (ఈస్టర్ ముందు రాత్రి జరిగే పూజకి) మాత్రం వెళ్ళాను, వెనక నిలబడొచ్చు, ఎవరూ ఏమీ అడగరు అనే ధైర్యంతో. దీపాలన్నీ ఆపేశారు. బయట వెలిగించిన మంట నుంచి పాస్కా క్రొవ్వొత్తి వెలిగించారు, దాని మీద సిలువ, ఆల్ఫా, ఒమేగా, ఈ ఏడాది అంకెలు, ఐదు గాయాలకు గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు. ఆ ఒక్క వెలుగు ముందు నుంచి చేతులు మారుతూ వెనక్కి వస్తుంటే చూడాలి, మొహాలు ఒక్కొక్కటిగా కనపడతాయి. నా పక్కన ఒక పెద్దావిడ, ఎవరో తెలియదు, నా చేతిలో క్రొవ్వొత్తి లేదని చూసి తనది మధ్యకి విరిచి సగం నాకు ఇచ్చింది. కింద అట్టముక్క లేదు కాబట్టి మైనం నేరుగా వేళ్ళ మీద కారింది. చుర్రుమంది గానీ వదల్లేదు. నిర్గమకాండంలో సముద్రం చీలిన పఠనం ఆ రాత్రి తప్పకుండా చదవాలి, అది చదువుతున్నంతసేపూ వేలి మీద గట్టిపడిన మైనాన్ని గోరుతో గీకుతూనే ఉన్నాను. తర్వాత మహిమ గీతం ఎత్తుకోగానే గంటలు అన్నీ ఒకేసారి మోగాయి, అక్కడ ఏడ్చేశాను. తపస్సు కాలమంతా మూగబోయిన అల్లెలూయ కూడా ఆ రాత్రే తిరిగొస్తుంది. సత్ప్రసాదానికి అందరూ లేచి వెళుతుంటే, ఇంకా పాపసంకీర్తనం చేయలేదు కాబట్టి నేను ఉన్నచోటే ఉండిపోయాను. ఆ పెద్దావిడ తిరిగొచ్చి నా పక్కనే మోకరించింది, ఎందుకు రాలేదమ్మా అని అడగలేదు.

మంగళవారం పొద్దున్నే వెళ్ళాను. సమయాలు మారుతుంటాయి కాబట్టి ఆఫీసులో అడిగి వెళ్ళండి, ఏప్రిల్ ఎండకి పది దాటితే కొండ మెట్లు కాలుతాయి, చెప్పులు లేకుండా ఎక్కే మొక్కు ఉన్నవాళ్ళు తెల్లవారే ఎక్కేయండి. ఆ రోజు నా ముందు ఇద్దరే ఉన్నారు.

"ఫాదర్ గారూ, ఆఖరిసారి చేసి పదకొండేళ్ళు దాటింది, ఎలా మొదలుపెట్టాలో కూడా గుర్తు లేదు" అన్నాను.

"గుర్తున్నది చెప్పమ్మా, మిగతాది నేను అడుగుతాను" అన్నారు.

మనం చెప్పింది గురువులు ఎవరికీ చెప్పకూడదు, మన సంగతి మనం చెప్పుకోవచ్చు కాబట్టి ఇంతవరకు రాస్తున్నాను. ఆ చందా బాకీ గొడవ మొత్తం చెప్పాను, అది నా పాపం కాదు కదా, అయినా చెప్పాను. ఆయన దాన్ని కప్పిపుచ్చలేదు, "అది తప్పమ్మా, అలా జరగకూడదు" అని ఒక్క మాట అన్నారు. పదకొండేళ్ళలో సభ వైపు నుంచి ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. చేసిన పాపాలకు పశ్చాత్తాపపడుతూ చెప్పే ఉత్తమ మనస్తాప జపం సగంలో మరిచిపోతే పక్కన అట్ట మీద ఉంది చూసి చదవమన్నారు. ప్రాయశ్చిత్తం ఏమిచ్చారో తెలుసా, ఆ రోజు డబ్బు అడిగిన మనిషి కోసం పది పూసల జపం.

బయటికి వచ్చి గుహ ముందు కూర్చున్నాను. పరలోక జపం అయింది, పూసకొకటి చొప్పున మంగళవార్త జపం మొదలుపెట్టాను. అమ్మ జపమాలలో చెయ్యి ఎక్కడ పడితే అక్కడ పట్టుకున్నాను, చూస్తే సరిగ్గా పూస లేని వరుస. తొమ్మిది అయ్యాయి. పదోదానికి పూస లేదు, గొంతు కూడా రాలేదు. ఆ మనిషి మొహం గుర్తొచ్చింది, రసీదు మీద సంతకం పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. చాలాసేపటికి, ఉత్త తీగ మీదే వేలు పెట్టి పదోది చెప్పాను.

ఆ వచ్చే ఆదివారమే దివ్య కారుణ్య ఆదివారం, 2000లో పోపు రెండవ జాన్ పాల్ గారు ఆ పేరు పెట్టారు. ఏటా ఆ రోజు చదివేది, లేచిన ప్రభువును చూస్తేగాని నమ్మనన్న శిష్యుడు తోమా సంగతే, యోహాను సువార్త 20వ అధ్యాయం. మీరు ఎవరి పాపాలు క్షమిస్తే వారికి క్షమింపబడతాయని ప్రభువు శిష్యులతో అన్నది కూడా అందులోనే ఉంది. ప్రభువు ఆ మాట అన్న సాయంత్రం తోమా అక్కడ లేడు, ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చాడు, అతని కోసం ప్రభువు మళ్ళీ వచ్చాడు. చిన్నప్పటి నుంచి వింటున్నా ఈ వరస నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆ పూజలో సత్ప్రసాదం తీసుకున్నాను.

దిగేటప్పుడు కొండ కింద జపమాలలు అమ్మే ఒకాయన దగ్గర పూస వేయించాను. నల్లది సైజు కుదరలేదు, నీలం పూస ఉంది, వేయమంటారా అన్నాడు. చిన్న పట్టకారుతో తీగ విప్పి పూస ఎక్కించి మెలిపెట్టి ఇచ్చాడు, ఇరవై రూపాయలు తీసుకున్నాడు. రాత్రిపూట లైటు తీసేశాక కూడా ఆ పూస ఎక్కడుందో తెలుస్తుంది, మిగతావాటికంటే నున్నగా ఉంటుంది.