పీ2పీ అప్పులా, డిపాజిట్టా, బాండ్ ఫండా: ఏది మేలు?

“డిపాజిట్ చేస్తే ఏడు శాతం. పీ2పీలో పద్నాలుగు అంటున్నారు. రెట్టింపు కదా, పెట్టేయమంటారా?”

ఈ ప్రశ్న వినకుండా నాకు నెల గడవదు. పీ2పీ అంటే మధ్యలో బ్యాంకు లేకుండా, ఒక యాప్ లేదా వెబ్‌సైట్ (దాన్నే ప్లాట్‌ఫామ్ అంటారు) ద్వారా మనమే అప్పు అడిగేవాళ్లకు డబ్బు ఇవ్వడం. అడిగేవాళ్లలో నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు. మాటలు మారుతుంటాయి గానీ ఏడు, పద్నాలుగు మాత్రం మారవు. నేనూ కొంత డబ్బు అందులో పెట్టి, అనుకున్నదానికన్నా చాలా ఆలస్యంగా వెనక్కి తెచ్చుకున్నవాణ్ని కాబట్టి నాకు అర్థమైంది చెప్తాను. ఖాతా ఎలా తెరవాలి, అప్పు అడిగేవాళ్లకు రేటింగ్ ఎలా ఇస్తారు అన్నవి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

ముందు ఆ పద్నాలుగు సంగతి తేల్చుకుందాం.

లక్ష రూపాయలను వెయ్యి చొప్పున వందమందికి ఏడాది గడువుతో, 14 శాతానికి ఇచ్చామనుకోండి. ఒక్కొక్కరూ నెలకు దాదాపు 90 రూపాయల వాయిదా కడతారు. పన్నెండు వాయిదాలూ కలిపితే 1,077 రూపాయలు. అంటే వెయ్యి మీద మనకొచ్చే వడ్డీ 77. “140 రావాలిగా?” అని చాలామంది తగువుకు దిగేది ఇక్కడే. ఇందులో మోసమేమీ లేదు. అసలు నెలనెలా కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చేస్తుంది, వడ్డీ పడేది మిగిలిన అసలు మీదే. వచ్చిన ప్రతి వాయిదానూ ఆ నెలే ఇంకొకరికి అప్పిస్తూ తిప్పుతుంటేనే ఆ పద్నాలుగు దక్కుతుంది. తిప్పకుండా వదిలేస్తే ఏడాది చివర చేతికొచ్చేది, డిపాజిట్‌లో ఏడు శాతానికి వచ్చేదానికన్నా వెయ్యికి ఆరేడు రూపాయలు ఎక్కువ, అంతే. కాకపోతే డబ్బులో కొంత ముందే చేతికొస్తుంది. అదీ లాభమే, కాదనను.

ఇప్పుడు ఆ వందమందిలో ఒకడు మూడు వాయిదాలు కట్టి ఆపేశాడు. ఉద్యోగం పోయి ఉండొచ్చు, మరో పెద్ద అప్పు మీద పడి ఉండొచ్చు, లేదా కట్టే ఉద్దేశమే లేకపోవచ్చు. కారణమేదైనా లెక్క ఒకటే. మూడు వాయిదాల్లో మనకు 269 రూపాయలు వచ్చాయి, 731 మునిగాయి. ఈ 731 పూడాలంటే నిక్కచ్చిగా కట్టిన తొమ్మిది పదిమంది వడ్డీ మొత్తం దానికే పోవాలి. వందలో ఐదుగురు ఇలా ఆగిపోతే లక్ష మీద మిగిలేది 3,700 చిల్లర. అసలు నెలనెలా వెనక్కి వస్తుండటంతో ఏడాదిలో సగటున సగం డబ్బే అప్పులో ఉంటుంది కాబట్టి, దాన్ని ఏడాది వడ్డీ రేటుగా లెక్కగడితే ఏడు శాతానికి కాస్త తక్కువే తేలుతుంది. చూశారా, ఐదుగురితోనే డిపాజిట్ దగ్గరికి వచ్చేశాం. పదిమంది ఆగిపోతే వడ్డీ మొత్తం పోయి అసలులోంచి 300 పైగా పోతాయి. ప్లాట్‌ఫామ్ ఫీజు, పన్ను ఇందులో కలపలేదు. పన్ను విషయంలో ఇంకో మెలిక ఉంది. వచ్చిన వడ్డీ మీద పన్ను కడతాం సరే, మునిగిన అసలును అందులోంచి మినహాయించుకునే వీలు అన్ని దేశాల్లోనూ లేదు. బ్రిటన్ 2016 నుంచి ఒప్పుకుంటోంది.

ఆ మాటకొస్తే మొండిబాకీలు బ్యాంకుకు మాత్రం లేవా? ఉన్నాయి. కానీ అక్కడ దెబ్బ ముందు బ్యాంకు లాభానికి తగులుతుంది, తర్వాత వాటాదార్ల మూలధనానికి. అవి రెండూ తుడిచిపెట్టుకుపోయాకే డిపాజిటర్ దాకా వస్తుంది. అప్పుడు కూడా బీమా ఉంటుంది. మన దగ్గర 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు ఐదు లక్షల దాకా, అమెరికాలో రెండున్నర లక్షల డాలర్ల దాకా. పీ2పీలో అప్పు తీసుకున్నవాడికీ మనకూ మధ్య అలాంటి గోడ ఒక్కటీ లేదు. ఉన్నది మధ్యవర్తి. ఆ మధ్యవర్తి హామీ ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 అక్టోబర్‌లో తెచ్చిన నిబంధనల్లోనే రాసింది. ప్లాట్‌ఫామ్ హామీ ఇస్తానంటే సంతోషించకండి, అనుమానించండి.

ఇంతవరకూ చెప్పింది భయపెట్టడానికి కాదు. నిజానికి మొండిబాకీల లెక్క నన్నంతగా భయపెట్టదు. వందమందిలో ఆరుగురు ఎగ్గొడతారనుకుంటే ఆ ఆరుగురినీ ముందే ఖర్చు కింద రాసుకోవచ్చు. ఒకరికి పెద్ద మొత్తం ఇవ్వకుండా చిన్న చిన్న మొత్తాలుగా పరుచుకోవచ్చు. రిజర్వ్ బ్యాంకు కూడా ఒక అప్పుదారుకు ఒకరు ఇచ్చేది 50 వేలు మించకూడదని, ప్లాట్‌ఫామ్‌లన్నీ కలిపి 50 లక్షలు దాటకూడదని, గడువు 36 నెలల లోపే ఉండాలని హద్దులు గీసింది. ఇవన్నీ ముందే కాగితం మీద వేసుకోగలిగిన లెక్కలు. వేసుకోలేనిది ఒకటుంది. మన డబ్బు మనకు కావాల్సినప్పుడు చేతికొస్తుందా? నా మటుకు ఏది మేలో తేలేది ఇక్కడే. వడ్డీ ఎంతన్నది ఆ తర్వాతి మాట.

నా సంగతే చెప్తాను. 2023లో ఒక ప్లాట్‌ఫామ్‌లో కొంత పెట్టాను. “ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోండి” అన్నది ఆ పథకం ఆకర్షణ. పరీక్షించి చూద్దామని మూడు నెలలకు కొంత వెనక్కి అడిగితే రెండో రోజుకల్లా బ్యాంకులో పడింది. భలే ఉందే అనుకున్నాను. ఏడాది రెండేళ్ల గడువుతో అప్పిచ్చిన డబ్బు రెండు రోజుల్లో ఎక్కణ్నుంచి ఊడిపడిందని అప్పుడు అడగలేదు. అడగాల్సింది. నా అప్పులను కొత్తగా వచ్చిన ఇంకొకరి పేరుకు మార్చి, వాళ్ల డబ్బు నాకిచ్చారు. కొత్తవాళ్లు వస్తున్నంతకాలం బండి నడుస్తుంది.

2024 ఆగస్ట్ 16న రిజర్వ్ బ్యాంకు నిబంధనలు బిగించింది. పీ2పీని ఇంత గడువుకు ఇంత గ్యారంటీ అనో, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చనో పెట్టుబడి పథకంలా అమ్మవద్దంది. ఆ తర్వాత నా యాప్‌లో ‘విత్‌డ్రా’ బటన్ బూడిదరంగులోకి మారింది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఆపరేషన్ ఖర్చు వచ్చిపడింది. యాప్ తెరిచి చూస్తే నా డబ్బు అక్కడే ఉంది, ఏమీ పోలేదు: అరవై ఒక్క మంది అప్పుదార్లు, ఒక్కొక్కరి పేరుకు బదులు ఒక నంబరు, పక్కన ‘చెల్లింపు సక్రమం’ అని ఆకుపచ్చ చుక్క. అన్నీ బాగున్నాయి గానీ ఆసుపత్రికి కట్టడానికి మాత్రం పనికిరావు. వాయిదాలు వస్తున్న కొద్దీ వందా రెండొందలూ చేరుతూ, చెప్పుకోదగ్గ మొత్తం వెనక్కి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆపరేషన్‌కు అంతకుముందు తక్కువ వడ్డీ అని చిన్నచూపు చూసిన డిపాజిట్‌ను గడువుకు ముందే తీసి కట్టాను. వడ్డీలో కొంత కోత పడింది, డబ్బు మాత్రం ఆ మధ్యాహ్నానికే వచ్చింది. రిజర్వ్ బ్యాంకు మీద నాకు కోపం లేదు. లోపల ఉన్న సంగతిని అది బయటపెట్టింది, అంతే.

ఇది ఒక్క మన దగ్గరే కాదు. పీ2పీ పుట్టిందే బ్రిటన్‌లో, 2005లో జోపా అనే సంస్థతో. అక్కడే చిన్న వ్యాపారాలకు అప్పులిప్పించే ఫండింగ్ సర్కిల్‌లో తమ అప్పులను ఇంకొకరికి అమ్ముకునే సంత ఉండేది. 2019లోనే అమ్ముకోవడానికి వరుసలో నెలల తరబడి నిలబడాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఆ సంతను ఆపేశారు. 2022 మార్చిలో మామూలు జనానికి ఆ తలుపు పూర్తిగా మూసేశారు. అక్కడి మరో ప్లాట్‌ఫామ్ రేట్‌సెటర్ ఇంకో దారి పట్టింది. ఎగవేతలు పూడ్చడానికి ఒక నిధి పెట్టి, పెట్టుబడిదార్లకు దాన్ని చూపించి ధైర్యం చెప్పేది. కొవిడ్ రాగానే ఆ నిధి చాలదేమోనని 2020 మేలో అందరి వడ్డీనీ సగానికి కోసి అందులో వేసింది. అమెరికాలో లెండింగ్‌క్లబ్ 2020 చివరికల్లా చిన్న పెట్టుబడిదార్లను వదిలేసి, మరుసటి ఏడాది ఒక బ్యాంకును కొని తానే బ్యాంకైంది. జోపా కూడా 2021 డిసెంబర్‌లో పీ2పీకి దండం పెట్టి బ్యాంకుగానే మిగిలింది. అప్పుల వ్యాపారంలో ఆరితేరిన ఈ సంస్థలు చివరికి డిపాజిట్ల డబ్బుతోనే నడుపుకుంటామన్నాయంటే, ఆ ముక్క నాకు ఏ ప్రకటన కన్నా ఎక్కువ చెప్పింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అందరికీ డబ్బు ఒకేసారి అవసరమవుతుంది. వాయిదాలు ఆగేదీ, కొత్తవాళ్లు రావడం మానేసేదీ, మన ఇంట్లో జీతం తగ్గేదీ ఒకే కష్టకాలంలో. వందమందికి పరిచినా ఆ కాలం వందమందికీ ఒకటే.

ఇక బాండ్ ఫండ్, అంటే చాలామంది డబ్బు కలిపి ప్రభుత్వాలకూ కంపెనీలకూ అప్పుగా ఇచ్చే (బాండ్లు కొనే) మ్యూచువల్ ఫండ్. అడిగినప్పుడు డబ్బు ఇవ్వాలన్న ఈ పరీక్షలో అది నెగ్గుతుందా? చాలావరకు నెగ్గుతుంది. అడిగిన రెండు మూడు రోజుల్లో డబ్బు వస్తుంది, అప్పులను ఎంచేది జీతం తీసుకుని రోజంతా అదే పనిలో ఉండే మనిషి. వడ్డీ రేట్లు పెరిగితే విలువ పడుతుంది. 2022లో ప్రపంచమంతా అది చూసింది. ఫండ్ కూడా తలుపు మూయదా అంటే మూసింది. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మన దగ్గర ఆరు డెట్ (బాండ్ ఫండ్) పథకాలను ఒక్కసారిగా నిలిపేసింది. ఆ డబ్బు తర్వాత విడతలుగా తిరిగొచ్చింది, కానీ అప్పుడు అవసరమున్నవాళ్ల అవస్థ అవస్థే. ఎక్కువ వడ్డీ కోసం తక్కువ రేటింగ్ ఉన్న, అంటే ఎగవేత ముప్పు ఎక్కువున్న బాండ్లు కొన్న పథకాలవి. పద్నాలుగు శాతం వెనక పరిగెత్తే మనకూ వాటికీ పెద్ద తేడా లేదు.

తెలిసినవాళ్లకు నోటు రాయించుకుని వడ్డీకి ఇవ్వడం గురించి కూడా కొందరు అడుగుతుంటారు. మనిషి తెలుసు కాబట్టి ఎగ్గొట్టడనుకుంటాం. ఎగ్గొడితే డబ్బుతో పాటు మనిషీ పోతాడు. అంతకుమించి దాన్ని ఈ పోలికలోకి లాగను.

ప్లాట్‌ఫామే మునిగితే అన్న భయం వేరు. చైనాలో ఈజూబావో అనే ప్లాట్‌ఫామ్ 2015 చివర్లో మూతపడేసరికి దాదాపు తొమ్మిది లక్షల మంది డబ్బు, ఐదు వేల కోట్ల యువాన్లు అందులో ఉన్నాయి. చూపించిన ప్రాజెక్టుల్లో అత్యధికం దొంగవేనని తేలింది. ఒకప్పుడు అక్కడ వేలల్లో ఉన్న ప్లాట్‌ఫామ్‌లు 2020 నవంబర్ నాటికి ఒక్కటీ మిగల్లేదు. బ్రిటన్‌లో ఆస్తి తాకట్టు మీద అప్పులిప్పించిన లెండీ 2019 మేలో దివాలా తీసింది, అప్పటికి 15 కోట్ల పౌండ్లకు పైగా బాకీలు వసూలు కావాల్సి ఉన్నాయి. తాకట్టు ఉందన్న ధీమా అక్కడ పనికి రాలేదు. మన దగ్గర డబ్బు ప్లాట్‌ఫామ్ సొంత ఖాతాలోకి పోకుండా, ట్రస్టీ చూసే, విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాల గుండానే నడవాలి. లైసెన్స్ ఉన్న చోట డబ్బు ఎత్తుకుపోవడం కష్టం. కానీ కంపెనీ మూతపడితే అరవై ఒక్క మందికి ఫోన్ చేసి వాయిదా అడిగేదెవరన్నది నాకు ఇప్పటికీ సరిగా మింగుడుపడని ప్రశ్న.

పీ2పీలోనే రెండు దారులున్నాయి. అప్పుదార్లను మనమే ఎంచుకోవడం, లేదా మన షరతులు చెప్పి పంచే పని ప్లాట్‌ఫామ్‌కు వదిలేయడం. మొదటిదానికి ఓపిక కావాలి. వడ్డీ 24 శాతం అని కనబడగానే వేలు అటే పోతుంది. అంత వడ్డీకి ఒప్పుకున్నాడంటే తక్కువకు ఇచ్చేవాళ్లు దొరకలేదని అర్థం. నేను ఎంచుకున్నవాళ్లలో ఎక్కువ వడ్డీ ఒప్పుకున్నవాళ్లే ముందు ఆగిపోయారు. రెండోది సులువు, కానీ డబ్బు ఎవరికి పోతోందో చూడటం మానేస్తాం. నాకు మొదటిదే నచ్చింది, లాభం ఎక్కువని కాదు. ఒక్కొక్క అప్పునూ ఎంచుకునేటప్పుడు, ఇది రెండేళ్ల దాకా నాది కాదు అని ప్రతిసారీ గుర్తొస్తుంది.

కాబట్టి నన్నడిగితే, ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు డిపాజిట్‌లోనే. ఏడు శాతమని ముఖం ముడుచుకోకండి, ఆ మధ్యాహ్నం చేతికొచ్చినందుకే దానికి ఆ ధర. మూడేళ్లలో అవసరపడేది, తేదీ మాత్రం తెలియనిది మంచి రేటింగ్ బాండ్లు కొనే ఫండ్‌లో. పిల్లల ఫీజు, పెళ్లి, ఇంటి అడ్వాన్సు లాంటి తేదీ ఉన్న డబ్బు పీ2పీ దరిదాపులకు రానివ్వకండి. ఇవన్నీ పోను మిగిలింది ఉంటే, అది మూడేళ్లు కనబడకపోయినా ఇల్లు నడుస్తుందంటే, అందులో చిన్న భాగం పెట్టి చూడండి. వందమందికి తగ్గకుండా పంచండి, వచ్చిన వాయిదాను నిద్రపోనివ్వకండి.

నేనూ పూర్తిగా బయటికి రాలేదు. పాత అరవై ఒక్క మందిలో ముగ్గురు మిగిలారు, ఇద్దరు నెలనెలా కడుతున్నారు. మూడో ఆయన నంబరు పక్కన ఎర్ర చుక్క పడి ఏడాది దాటింది. ఇప్పటికీ నాలుగో వాయిదా దగ్గరే ఉన్నాడు.