ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్: కరెంటు ఉన్నన్నాళ్ళూ సరే

పలాసలోని మా ఇంట్లో మూడడుగుల అక్వేరియంలో ఏంజెల్ చేపలకు 2017 నుంచి ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (చిన్న గుంటలున్న ప్లాస్టిక్ షీట్లలో క్యూబులుగా గడ్డకట్టించి అమ్మే మేత) పెడుతున్నాను. పేరుకు పురుగులే గాని, నిజానికి ఇవి కుట్టని ఒక జాతి దోమల లార్వాలు. ఫ్లేక్స్‌ను (రేకుల్లాంటి ఎండు మేతను) నోట్లోకి తీసుకుని ఉమ్మేసే చేపలు కూడా, కరిగిన క్యూబు నుంచి ఎర్రటి పోగులు విడివడి నీటిలో దిగుతూంటే ఎగబడి తింటాయి. మొదటి ఏడాదంతా అడిగినవారికీ అడగనివారికీ దీని గొప్ప చెప్పాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ప్రాంతంలో తీరం దాటింది. జీడితోటలూ కొబ్బరిచెట్లూ నేలకూలి, తాగునీటికే బారులు తీరిన ఆ రోజుల్లో చేపల మేత గురించి బెంగపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సంకోచంగానే ఉంటుంది. మా వీధికి పది రోజులు కరెంటు లేదు. ఫిల్టరు ఆగిన నీటిలో తినగా మిగిలిన మేత కుళ్ళితే చేపలకు విషమైన అమోనియా పెరుగుతుంది, పెద్ద చేపలు వారం పస్తున్నా తట్టుకుంటాయి కనుక మొదటి నాలుగు రోజులూ ఏమీ వేయకుండా, చెంబుతో నీళ్ళు ఎత్తిపోస్తూ గడిపాను. అయిదో రోజున, అంతకుముందు నేను చిన్నచూపు చూసిన డ్రై ట్యూబిఫెక్స్ (సన్నటి నీటిపురుగులను ఎండబెట్టి క్యూబులుగా చేసిన మేత) డబ్బా తీసి, ఒక క్యూబులో సగం తుంచి బొటనవేలితో అద్దానికి లోపలివైపు అదిమాను. అది అక్కడే అంటుకుని నిలిచింది. చేపలు చుట్టూ చేరి పొడుచుకుని తిన్నాయి. మిగిలిన ముక్కను తీసి పారేశాను.

అసలు పొరపాటు కరెంటు వచ్చాక జరిగింది. ఫ్రీజరులో పైనున్న షీట్లు ఉబ్బి, ఎర్రనీరు కారి, వాసన వేస్తూండడంతో పారేశాను గాని, అడుగున ఉన్న ఒకటి మళ్ళీ గట్టిపడి చూడటానికి బాగానే ఉన్నందున దాచాను. గుంటల్లో పురుగులు ఒకవైపుకు, మంచు ఇంకొకవైపుకు చేరి ఉన్నాయని, అంటే అది ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందని గమనించి కూడా వాడాను. మర్నాటికి నీరు తెల్లగా మసకబారింది. మూడో నాడు ఒక ఏంజెల్ చనిపోయింది. ఫిల్టరులో అమోనియాను తగ్గించే మేలుచేసే బాక్టీరియా కూడా అప్పటికే నశించి ఉంటుంది కాబట్టి, తప్పంతా మేతదే అని ఖాయంగా అనలేను.

అలాగని ట్యూబిఫెక్స్‌ను నెత్తికెత్తుకోవడం లేదు. నానబెట్టకుండా వేస్తే ముక్కలు పైనే తేలుతాయి, మా సముద్రపు గాలికి మూత సరిగ్గా పడకపోతే మెత్తబడతాయి, పైగా చేపల మోజు ఇప్పటికీ ఎర్రపోగుల మీదే. విశాఖలో దుకాణం పక్కనే ఉండి, వారానికొక షీటు కొనుక్కోగలవారికి ఫ్రోజెన్ మేతే మేలు కావచ్చు. నేను థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసుకుని రైల్లో తెచ్చుకునేవాడిని. అందుకే ఇప్పుడు ఒక్క షీటుకు మించి తేవడం లేదు. దాని పక్కనే ఒక గిన్నెలో నీరు గడ్డకట్టించి, పైన రూపాయి నాణెం పెట్టి ఉంచుతున్నాను. మేము ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయి మంచు కరిగితే నాణెం మునిగి, కరెంటు వచ్చాక నీరు మళ్ళీ గడ్డకట్టినా అడుగునే చిక్కుకుపోతుంది. కిందటి వేసవిలో ఒకసారి ఊరినుంచి వచ్చి చూస్తే అది గిన్నె అడుగున కనిపించింది. షీటు విప్పి చూడకుండానే పారేశాను.