మెట్రో క్యాబినా, గూడ్సు ఇంజనా: ఏది మేలు?

డిప్లొమా అయిపోయిన పిల్లలు ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు, హైదరాబాద్ మెట్రోలో ట్రైన్ ఆపరేటరా లేక రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, అదే ఏఎల్పీనా అని. నన్నడిగితే ఏఎల్పీనే, రాత్రుళ్ళు నిద్ర చెడినా తట్టుకునే ఒళ్ళయితే.

మెట్రోలో అంతా కంప్యూటరే నడుపుతుంది, ఆపరేటర్ ఊరికే కూర్చుంటాడు అంటారు. సగం నిజమే. ఇక్కడున్నది సీబీటీసీ, అంటే రేడియో ద్వారా కంప్యూటరే బండిని నడిపించే సిగ్నలింగ్, తలుపులు మూసి స్టార్ట్ నొక్కితే బండి తనే స్పీడందుకుని తర్వాతి స్టేషన్లో కరెక్టుగా ఆగుతుంది. కానీ అమీర్‌పేట సాయంత్రం రష్‌లో ఆ తలుపు ఎప్పుడు మూయాలో చూసుకునేది మనిషే, ఆఖర్లో బ్యాగు అడ్డం పెట్టే మహానుభావులుంటారుగా. సిస్టం మొరాయిస్తే మాన్యువల్‌లోకి మార్చాలి, ఉప్పల్ కంట్రోల్ రూమ్‌తో మాట్లాడుతూనే ఫాల్ట్ వెతకాలి, కంగారుపడే జనానికి అనౌన్స్‌మెంట్ ఇవ్వాలి, అన్నీ ఒక్కరే. రోజూ ఏమీ జరగని పనిలో మెలకువగా ఉండటమే కష్టం.

ఏఎల్పీకి పక్కన లోకో పైలట్, అంటే ఇంజన్ నడిపే డ్రైవర్ ఉంటాడు. ప్రతి సిగ్నల్‌నీ చెయ్యి చూపించి గట్టిగా చెప్పాలి, ఆయనా తిరిగి చెప్తాడు. బండికి ఏదైనా అయితే దిగి చూడాల్సింది మనమే, అర్ధరాత్రి అడవి మధ్యలో అయినా సరే. కొత్త రూటైతే ముందు లెర్నింగ్ రోడ్ చేసి, అంటే దారి నేర్చుకోడానికి ఇంజన్లో తిరిగి, ఎత్తుపల్లాలు ఒంటబట్టించుకోవాలి, ఎందుకంటే లోడున్న గూడ్సు బ్రేకేసినా కిలోమీటరు దాకా పోతుంది. మొదట్లో ఎక్కువగా గూడ్సే, దానికి టైం టేబుల్ ఉండదు, ఎప్పుడు కాల్ వస్తే అప్పుడు సైన్ ఆన్, అదే డ్యూటీ ఎక్కడం, కాజీపేటలో ఎక్కితే నిద్ర మహారాష్ట్ర బల్లార్షాలో సిబ్బంది పడుకునే రన్నింగ్ రూమ్‌లో, పండగలైనా అంతే. చాలా ఇంజన్లలో టాయిలెట్ లేదు, ఆడపిల్లలు ఇది ముందే ఆలోచించుకోవాలి. మెట్రోలో తెల్లారుజాము షిఫ్టున్నా డ్యూటీ దిగితే ఇంటికే.

అయినా ఏఎల్పీ ఎందుకంటే, ఏడో పే కమిషన్ ప్రకారం బేసిక్ 19,900 అయినా పైన డీఏ, బండి నడిపినందుకిచ్చే రన్నింగ్ అలవెన్స్ వస్తాయి, మెల్లగా మెయిల్ ఎక్స్‌ప్రెస్ దాకా ప్రమోషన్లుంటాయి. మన మెట్రో ఆపరేషన్ కాంట్రాక్టు కియోలిస్ అనే ఫ్రెంచ్ కంపెనీకి ఇచ్చారు, సర్కారు కొలువు కాదు. పైగా ఢిల్లీ మెజెంటా లైన్లో 2020 డిసెంబర్లోనే డ్రైవర్ లేని రైళ్ళు మొదలయ్యాయి, ముందుముందు ఆపరేటర్ కొలువు ఉంటుందో లేదో.

కోచింగ్ ఫీజు కట్టేముందు మాత్రం కళ్ళు చూపించుకోండి. ఏఎల్పీకి ఏ-1 మెడికల్, అంటే రైల్వేలో అన్నిటికన్నా కఠినమైన పరీక్ష, అద్దాల్లేకుండా 6/6 ఉండాలి, రంగులు తేడా తెలియాలి, చూపు సరిచేసే లాసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా తీసుకోరు.