ఉద్యోగం చేస్తూ బిజినెస్‌లో డాక్టరేట్: దరఖాస్తు నుంచి వైవా దాకా సమీక్ష

ముందు తీర్పు చెప్పేస్తాను. ఉద్యోగం వదలకుండా డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) పూర్తి చేయవచ్చు, పెట్టిన శ్రమకు తగ్గ ఫలితమూ ఉంటుంది. అయితే డేటా ఎక్కడి నుంచి వస్తుందో తేలకుండా చేరితే మాత్రం కోర్సువర్క్ అయ్యాక బండి కదలదు. మధ్యలో మానేసినవాళ్లలో తెలివి తక్కువైనవాళ్లు నాకు కనిపించలేదు. డేటా దొరకనివాళ్లే ఎక్కువ.

పీహెచ్‌డీ, డీబీఏల తేడా సులువుగానే చెప్పవచ్చు. ప్రొఫెసర్ ఉద్యోగం కావాలంటే పూర్తికాలం పీహెచ్‌డీ మేలు. నాలుగైదేళ్లు పడుతుంది, చాలా చోట్ల ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ ఇస్తారు. డీబీఏ అనుభవమున్న మేనేజర్ల కోసం పెట్టింది. కాగితం మీద మూడు నాలుగేళ్లు, ఫీజు సాధారణంగా మన జేబులోంచే.

కాలేజీని ఎంచుకునేటప్పుడు ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా అనే అంతర్జాతీయ బిజినెస్ స్కూలు గుర్తింపులు చూడండి. మొదటి రెండూ మొత్తం బిజినెస్ స్కూలుకు వర్తిస్తాయి, ఆంబా కోర్సును చూస్తుంది. వెబ్‌సైట్‌లో లోగో ఉంది కదా అని ఊరుకోవద్దు. ఏఏసీఎస్‌బీలో సభ్యత్వం వేరు, అక్రెడిటేషన్ వేరు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన తనిఖీలో నెగ్గినట్టు కాదు. ఆ సంస్థల సొంత జాబితాల్లో పేరు వెతికితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

పీహెచ్‌డీకి జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ అడిగేవాళ్లు ఎక్కువ. డీబీఏకు చాలా చోట్ల అనుభవం చూసి మినహాయిస్తారు. ఇప్పటి జీమ్యాట్‌లో 45 నిమిషాల చొప్పున మూడు భాగాలు, స్కోరు 205 నుంచి 805 దాకా, అయిదేళ్లు చెల్లుతుంది. పాత 200–800 స్కోర్లతో నేరుగా పోల్చుకుని బెంగపడకండి, కొలబద్దే మారింది.

దరఖాస్తులో అసలు బరువంతా పరిశోధన ప్రతిపాదనదే. ఇక్కడ మేనేజర్లు చేసే పొరపాటు ఒకటే: ఎంబీఏ ప్రాజెక్టు రాసి పంపుతారు. ‘మా కంపెనీలో డిజిటల్ మార్పు ప్రభావం’ అన్నది పరిశోధన ప్రశ్న కాదు. ‘దూరంనుంచి పనిచేసే సేల్స్ బృందాల్లో మేనేజరు ఫీడ్‌బ్యాక్ ఎంత తరచుగా ఇస్తున్నారన్నదానికీ, ఉద్యోగం మానేయాలన్న ఆలోచనకూ సంబంధం ఉందా, ఉంటే అది నమ్మకం ద్వారా పనిచేస్తోందా’ అన్నది ప్రశ్న. ఇందులో ఏం కొలవాలో, ఎవరిని అడగాలో, ఏ సిద్ధాంతం వాడవచ్చో కనిపిస్తుంది.

గైడు విషయంలో పెద్ద పేరుకన్నా మనకు ఇచ్చే తీరిక ముఖ్యం. గత అయిదేళ్ల పేపర్లలో ఏ పద్ధతులు వాడారో చూడండి. గణాంకాలతో పనిచేసే గైడు దగ్గర ఇంటర్వ్యూల థీసిస్ పెట్టుకుంటే ఇద్దరికీ నరకమే. ప్రస్తుత విద్యార్థులను ఒక్క ప్రశ్న అడగండి: డ్రాఫ్టు ఇస్తే ఎన్ని వారాలకు తిరిగి వస్తుంది? గైడు రిటైర్మెంటు, సబాటికల్ (పరిశోధన కోసం తీసుకునే సుదీర్ఘ సెలవు) ఎప్పుడో కూడా కనుక్కోండి.

కోర్సువర్క్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గణాంకాల పేపరు తప్ప మిగతావి గట్టెక్కించేయవచ్చు.

డేటా సేకరణకు కావాల్సిన ఎథిక్స్ కమిటీ అనుమతికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అనుమతికి ముందు సేకరించిన సమాధానాలు సాధారణంగా వాడనివ్వరు. కంపెనీ అనుమతి లేఖ లెటర్‌హెడ్ మీద, సంతకం చేసే అధికారం ఉన్నవారి పేరుతో ఉండాలి. ఆ మనిషి ఉద్యోగం మారితే తలుపు మూసుకుపోతుంది కాబట్టి రెండో కంపెనీని మొదటి నుంచే సిద్ధంగా ఉంచుకోవాలి.

సర్వే ఎంతమందికన్నది జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెక్కవేయవచ్చు. అయిదు ప్రిడిక్టర్లున్న (ఫలితాన్ని అంచనా వేసే అంశాలున్న) రిగ్రెషన్‌కు, మధ్యస్థ ప్రభావం (ఎఫ్ స్క్వేర్ 0.15), ఆల్ఫా (లేని సంబంధాన్ని ఉందనుకునే అవకాశం) 0.05, పవర్ (ఉన్న సంబంధాన్ని పట్టుకునే అవకాశం) 0.80 పెడితే 92 వస్తుంది. అది శుభ్రం చేశాక మిగలాల్సిన సంఖ్య. సగంలో వదిలేసినవీ, అన్నింటికీ ‘4’ కొట్టినవీ తీసేయాలి కనుక అంతకన్నా బాగా ఎక్కువే సేకరించాలి.

ప్రశ్నల్లోనే చాలా థీసిస్‌లు పాడవుతాయి. ‘మా మేనేజరు స్పష్టంగా చెబుతారు, అండగా నిలుస్తారు’ అన్న వాక్యాన్ని తీసుకోండి. స్పష్టంగా చెప్పి అండగా నిలవని మేనేజరు ఉంటే ఏం గుర్తు పెట్టాలి? రెండుగా విడగొట్టాల్సిందే. తిరగేసి అడిగిన (‘మేనేజరు అండగా నిలవరు’ లాంటి) ప్రశ్నల స్కోరును విశ్లేషణకు ముందు తిప్పడం మరిచిపోతే క్రోన్‌బాక్ ఆల్ఫా (ఒకే విషయాన్ని కొలిచే ప్రశ్నల మధ్య పొందికను చెప్పే అంకె) పడిపోతుంది. 0.7 రావాల్సిన చోట 0.3 కనబడితే స్కేలును అనుమానించే ముందు ఇది చూడండి.

కారణం, ఫలితం రెండూ ఒకే మనిషిని ఒకే పూట అడిగితే పరీక్షకులు కామన్ మెథడ్ బయాస్ (అడిగిన పద్ధతి వల్లే సంబంధం ఉన్నట్టు కనిపించడం) అని పట్టుకుంటారు. దాన్ని పసిగట్టడానికి వాడే హార్మన్ పరీక్ష ఒక్కటే చూపిస్తే ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. కొన్ని వారాల తేడాతో రెండు విడతలుగా అడగడం మేలు. పేర్లు అడగలేం కాబట్టి అమ్మ పేరులో మొదటి అక్షరం, ఫోను నంబరు చివరి రెండంకెలు వంటివి కలిపి కోడ్ రాయిస్తాం. రెండోసారి అదే మనిషి వేరే నంబరు రాస్తాడు, జత కుదరదు. ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో మధ్యవర్తి ప్రభావానికి (పై ప్రశ్నలో ‘నమ్మకం ద్వారా’ అన్నట్టు) ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌కు జోడించే ప్రాసెస్ మాక్రో నమ్మదగింది. పీఎల్‌ఎస్ అనే గణాంక పద్ధతికి వాడే స్మార్ట్‌పీఎల్‌ఎస్ బొమ్మ గీసినంత సులువు, ప్రమాదం కూడా అక్కడే ఉంది. ‘పీఎల్‌ఎస్ ఎందుకు వాడారు’ అంటే ‘శాంపిల్ తక్కువ’ అన్న జవాబు వైవాలో నిలవదు. గణాంకాలకు వాడే ఆర్ భాష ఉచితం, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. రెఫరెన్సులకు జొటెరో చాలు, జర్నళ్లు వెనక్కి తీసుకున్న పేపర్లను ఎర్ర గుర్తుతో చూపించడం దాని అదనపు మేలు. ఎన్‌వివో ఇంటర్వ్యూలను సర్దిపెడుతుంది, కోడింగ్ (ఏ మాట ఏ అంశం కిందకు వస్తుందో గుర్తు పెట్టడం) బాధ్యత మాత్రం మనదే.

వైవాలో టేబుళ్లకన్నా ‘ఈ సిద్ధాంతమే ఎందుకు, మీరు దానికి ఏం చేర్చారు’ అన్నదాని మీదే ఎక్కువ సేపు నడుస్తుంది. చేర్చినదాన్ని మూడు వాక్యాల్లో చెప్పడం సాధన చేయండి. ఆ తర్వాత సవరణలు దాదాపు అందరికీ వస్తాయి. పరీక్షకుడి వ్యాఖ్య, చేసిన మార్పు, పేజీ నంబరు అని మూడు గడుల పట్టిక కట్టి ఇస్తే ఆమోదం త్వరగా వస్తుంది. కంపెనీ డేటా ఉంటే లైబ్రరీలో థీసిస్‌ను కొంతకాలం దాచి ఉంచే ఎంబార్గో ఫారం తుది ప్రతి ఇచ్చేలోపే పెట్టాలి. ఆన్‌లైన్‌లోకి వెళ్లాక వెనక్కి తీయించడం చాలా కష్టం.