ఎండకు తట్టుకునే మొక్కలు కావాలంటే ఈ నర్సరీకి పోండి

అనంతపురంలో మా మిద్దె మీద ఏప్రిల్‌లో చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. అక్కడ గులాబీలు, మందారాలు పెట్టి చూశాను, నాలుగు రోజులు ఊరికి పోయొస్తే అన్నీ మాడిపోయేవి. పోయినేడాది ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎడారి గులాబి కూడా నెలకే పోయింది. బెంగళూరు రోడ్డు వైపున్న ఈ చిన్న నర్సరీలో ఆ సంగతి చెబితే, "ఎండకు కాదక్కా, నీళ్లకు చచ్చింది, రోజూ పోసింటావు" అన్నాడు నడిపే అన్న. నిజమే, రోజూ పోశాను.

ఒక ఎడారి గులాబి మొక్కను కుండీలోంచి పెకలించి చూపించాడు. కాండం మొదలు దుంపలా ఉబ్బి ఉంటుంది కదా, నీళ్లు దాచుకునేది అందులోనే. బొటనవేలితో నొక్కమన్నాడు. గట్టిగా ఉంటే నీళ్లు అక్కర్లేదు, కొంచెం వదులై ముడతలు పడితే దాహంగా ఉన్నట్టు, గుజ్జులా మెత్తబడి వాసనొస్తే కుళ్లినట్టు. నల్లరేగడి నీళ్లు పట్టి ఉంచుతుంది కాబట్టి అస్సలు వద్దు, సగం ముతక ఇసుక, మిగతాది ఎర్రమట్టి, కాస్త పశువుల ఎరువు చాలు. వేరు తెగితే నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, గాయం మానాకే నాటాలి. దాని పాలు విషం, పిల్లలకు అందనీయొద్దని అడక్కముందే చెప్పాడు.

ఇంకా కలబంద, బ్రహ్మజెముడు, రకరకాల కాక్టస్‌లు ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం ఒక మూలనున్న కుందేటి కొమ్ములు చూసి. మా అవ్వ గుట్ట మీద కోసుకొచ్చి పచ్చడి చేసేది. ఆకులంటూ కనపడవు, పలకలు తేలిన ఆ పచ్చటి కాడలే ఆకుల పని చేస్తాయి, అందుకే తేమ ఎక్కువ పోదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊళ్లో, వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇంట్లో, చెంబుడు నీళ్లతో పది రోజులు బతికే మొక్క దొరకడం నాకు చిన్న విషయం కాదు.

నచ్చనిది ఒకటే. కొన్ని కాక్టస్‌ల నెత్తిన ఎండు పూలు జిగురుతో అంటించి ఉన్నాయి, మొక్కకు దెబ్బ. అవి కొనకండి. ఎడారి గులాబి 250 రూపాయలు, బేరం లేదు.

రెండు కొన్నాను. మేలో 12 రోజులు ఊళ్లో లేను. వచ్చి నొక్కితే దుంప కొంచెం వదులైంది. తడి పెట్టిన మూడో రోజుకు మళ్లీ రాయిలా గట్టిపడింది, ఇప్పుడు మొగ్గలు వేస్తోంది.