నానో మందుకు స్విచ్: వేడి, వెలుగు, పీహెచ్‌లలో ఏది మేలు?

క్యాన్సర్ మందు రక్తంలోకి ఎక్కిస్తే గడ్డ దగ్గరికే పోయి ఆగదు కదా, గుండెకీ పేగులకీ జుట్టు కుదుళ్లకీ కూడా పోతుంది. 1995లో అమెరికాలో అనుమతి వచ్చిన డాక్సిల్, డాక్సోరుబిసిన్ మందును సుమారు 100 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటరులో వందకోట్లో వంతు) కొవ్వు బుడగలో పెట్టి గుండె మీద దెబ్బ తగ్గించింది (2012లో అక్కడ దాని కొరత వస్తే మన సన్ ఫార్మా వాళ్లు చేసే అదే రకం మందు లిపోడాక్స్‌నే తెప్పించుకున్నారు). కానీ ఆ బుడగ ఎక్కడ పగలాలో మన చేతిలో లేదు. అందుకే గడ్డ దగ్గరే పనిచేసేలా దానికి స్విచ్ పెట్టాలని చూస్తున్నారు.

మొదట వేడి. థర్మోడాక్స్‌లో అదే మందు, బుడగ మాత్రం 40 డిగ్రీలు దాటితే కరుగుతుంది. లివర్‌లో గడ్డను సూదితో కాల్చేటప్పుడు చుట్టుపక్కల మందు వదలాలి, అదీ ప్లాన్. వినడానికి బ్రహ్మాండం. 701 మందితో చేసిన ట్రయల్ 2013 జనవరిలో ఫెయిలైంది. అయినా ఊరుకోలేదు, 45 నిమిషాలకు పైగా కాల్చినవాళ్లకు మేలు జరిగినట్టుందని లెక్క తీసి, సరిగ్గా అలాంటివాళ్లే 556 మందితో మళ్లీ చేశారు. 2020లో అదీ లాభం లేదని తేలింది. ఫెయిలైన ట్రయల్‌లోంచి ఏరుకున్న చిన్న గుంపు లెక్కల్ని నేను అందుకే నమ్మను.

వేడిలోనే ఇంకో దారి: మందు లేకుండా, గడ్డలో పెట్టిన ఇనుప కణాల్నే అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించే పద్ధతికి జర్మనీ కంపెనీ ఒకటి 2010లో యూరప్ అనుమతి తెచ్చుకుంది, మెదడు గడ్డల కోసం. అయితే పంటి మెటల్ ఫిల్లింగులు ముందే తీయించుకోవాలి, తర్వాత అక్కడ ఎంఆర్‌ఐ సరిగా కనపడదు. గడ్డ మళ్లీ పెరుగుతోందా అని చూడటానికే ఇబ్బందైతే ఇంకెందుకు?

వెలుగు నయం. లేజర్ వెలుగు తగిలితే వేడెక్కే, సిలికా మీద బంగారు పూత వేసిన కణాల్ని ఎక్కించి, ప్రొస్టేట్‌లోకి లేజర్ ఫైబర్ పెట్టి కాలుస్తారు. 2019లో వచ్చిన చిన్న ట్రయల్‌లో చికిత్స పూర్తయిన 15 మందిలో 13 మందికి ఏడాది తర్వాత కాల్చిన చోట బయాప్సీలో క్యాన్సర్ కనపడలేదు. కాకపోతే వెలుగు ఒంట్లోకి ఎంతో లోతు పోదు, పైగా గడ్డ ఎక్కడుందో ముందే తెలిసుండాలి. పాకిపోయిన క్యాన్సర్‌కు పనికిరాదు.

నా ఓటు పీహెచ్‌కే (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), మెషీన్ అక్కర్లేదు, స్విచ్ ఒంట్లోనే ఉంది. రక్తం 7.4 దగ్గర ఉంటే గడ్డ చుట్టూ 6.5 నుంచి 6.9 దాకా పడిపోతుంది. తేడా చిన్నదే, వాపున్న చోటా ఇలాగే పులుస్తుంది కాబట్టి పొరపాటు పడే అవకాశముంది. రక్తంలో చీకటిగా ఉండి ఈ పులుపు తగలగానే వెలిగే పెగ్‌సిటాసియనిన్ కణాల్ని, సర్జన్ కంటికి అందని గడ్డ ముక్కలు చూపించడానికి ట్రయల్స్‌లో వాడి చూస్తున్నారు, అక్కడ ఈ తంటా ఉండనే ఉంటుంది. మందు ఒంట్లోని జీవకణం లోపలికి పోతే మాత్రం ఎండోసోమ్ అనే సంచిలో పీహెచ్ ఇంకా తగ్గుతుంది, తేడా గట్టిగా దొరుకుతుంది. రక్తంలో తటస్థంగా ఉండే కొవ్వు అక్కడ ప్లస్ చార్జ్ తెచ్చుకుని సంచిని చీల్చి సరుకు బయట పడేస్తుంది. 2018లో అనుమతి వచ్చిన ఆన్‌పాట్రో (వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకు మందు) పనిచేసేది ఇలాగే, ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాలూ అంతే. అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది ఈ స్విచ్‌ని ఎప్పుడో భుజానికి వేయించుకున్నారు.