పాత కారు స్థానంలో మూడో తరం ప్రియస్: దీర్ఘకాల వినియోగం తర్వాత

నా పాత పెట్రోలు కారుకు మరమ్మతుల ఖర్చు దాని విలువను మించిపోయే దశకు రావడంతో, దాని బదులు మూడో తరం టయోటా ప్రియస్‌ను, అంటే పెట్రోలు ఇంజనూ విద్యుత్ మోటారూ కలిసి నడిపే హైబ్రిడ్ కారును, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కొన్నేళ్లుగా దాదాపు ప్రతిరోజూ దీన్నే నడుపుతున్నాను.

కొనేవారు ముందుగా అడిగేది మైలేజీ గురించే గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే కారును వదిలి 20 ఇచ్చేదానికి మారితే, వెయ్యి కిలోమీటర్లకు 100 లీటర్లు పోసే చోట 50 సరిపోతాయి. అక్కడి నుంచి 25 ఇచ్చేదానికి వెళ్లినా అదనంగా మిగిలేది 10 లీటర్లే. పాత బండిలో ఒక్క పెద్ద మరమ్మతు వస్తే ఆ ఖర్చు ఈ పది లీటర్ల ఆదాతో ఎన్నేళ్లకు పూడుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. అందుకే ఓడోమీటరులో తక్కువ తిరిగినట్టు కనిపించిన మరో ప్రియస్‌ను పక్కన పెట్టి, దానికన్నా ఎక్కువ తిరిగినా ప్రతి సర్వీసు బిల్లునూ భద్రపరచిన యజమాని దగ్గర దీన్ని కొన్నాను. ఈ ఇంజన్లలో ఈజీఆర్ మార్గం (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే దారి) మసితో పూడుకుపోతుందన్నది వాడకందారులకు తెలిసిన సంగతే. దాన్ని శుభ్రం చేయించినట్టు ఆ బిల్లుల్లో ఉండడమే నా నిర్ణయాన్ని తేల్చింది.

2009లో వచ్చిన ఈ తరంలో 1.8 లీటర్ల ఇంజను అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తుంది. అంటే, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులు ఆలస్యంగా మూసుకోవడం వల్ల మండిన వాయువు వ్యాకోచించే దూరం లోపలి గాలి కుదించబడే దూరం కన్నా ఎక్కువగా ఉంటుంది గనుక, ఇంధనం నుంచి మరింత పని రాబట్టవచ్చు. తక్కువ వేగంలో ఇలాంటి ఇంజనుకు ఉండే బలహీనతను విద్యుత్ మోటారు కప్పిపుచ్చుతుంది. పాత బండి కొనేవారికి ఇంతకన్నా ముఖ్యమైన విషయం, ఇందులో లేని భాగాల జాబితా: విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటరు లేదు, క్లచ్ లేదు, ఏసీనీ వాటర్ పంపునూ తిప్పే బెల్టులూ లేవు. వేగం తగ్గించేటప్పుడు చాలా భారం మోటారే మోస్తుంది గనుక బ్రేకు ప్యాడ్లు కూడా ఆశ్చర్యపడేంత నెమ్మదిగా అరుగుతున్నాయి.

అందరినీ భయపెట్టేది మోటారును నడిపే పెద్ద బ్యాటరీ. 168 సెల్లుల ఈ నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, వెనుక సీటు పక్కనున్న జాలీ గుండా లోపలి గాలిని పీల్చుకుని చల్లబడుతుంది. ఆ జాలీకి సంచులు అడ్డం పెట్టినా, ఫ్యాను దుమ్ముతోనో పెంపుడు కుక్క వెంట్రుకలతోనో నిండినా బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి కొనేముందు, కారు కంప్యూటరులోని వివరాలు చదివే ఓబీడీ స్కానర్ తగిలించి, బండిని నడుపుతూ ఆ సెల్లులను గుంపులుగా చూపే 14 బ్లాకుల వోల్టేజీలను పోల్చి చూడాలి. వాటిలో ఒకటి మిగిలినవాటికి దూరంగా జారిపోతూ ఉంటే, బేరం ఎంత ఊరించినా ఆ బండిని వదిలేయడమే మేలు.

ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో లెక్కిస్తే, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో నాకు లీటరుకు 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా వస్తోంది. (డ్యాష్‌బోర్డు చూపే సగటు చాలా కార్లలో కాస్త ఉదారంగానే ఉంటుంది.) హైవే మీద వందకు మించిన వేగంతో పోతే ఆ అంకె తగ్గుతుంది. అన్నిటికన్నా నష్టం, చల్లటి ఉదయాన బండి తీసి రెండు మూడు కిలోమీటర్లలోనే ఆపేయడం. ఇంజను వేడెక్కడానికే ఇంధనం ఖర్చవుతుంది. టైర్లలో గాలి తగ్గినా ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఒకే స్థాయిలో గట్టిగా మోగుతుంది. గేర్లు మారే చప్పుడుకు అలవాటుపడ్డ చెవికి అది కొంతకాలం వింతగా తోస్తుంది.

వెనుక భాగంలో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ సంగతి మాత్రం కొత్తగా కొన్నవారు తెలుసుకుని తీరాలి. బండిని వారాల తరబడి కదపకపోతే అది డీలా పడుతుంది, అప్పుడు విద్యుత్తుతో తెరుచుకునే వెనుక తలుపు కూడా తెరుచుకోదు. బానెట్ కింది ఫ్యూజు పెట్టెలో ఉన్న ప్లస్ టెర్మినల్ దగ్గర జంపర్ కేబుల్ తగిలించాల్సి వస్తుంది. నెలకు ఒకటి రెండుసార్లు మాత్రమే కారు బయటికి తీసేవారు ప్రియస్ జోలికి రాకుండా, మామూలు చిన్న పెట్రోలు కారును చూసుకోవడం నయం.